బర్డ్‌వింగ్ ఫ్రేము కొంటే పది శాతం మ్యూజియానికట, నమ్మొచ్చా?

సందేహాల_సుబ్బు
ఆన్‌లైన్‌లో ఒకతను బర్డ్‌వింగ్ సీతాకోకచిలుకల జత అమ్మకానికి పెట్టాడు. ఆర్నిథోప్టెరా ప్రియామస్, మగా ఆడా, అద్దాల ఫ్రేములో, 18,500. సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ ఉందంటూ జిరాక్సు ఫోటో పంపాడు. "అమ్మకంలో పది శాతం నేచురల్ హిస్టరీ మ్యూజియానికి" అని కూడా రాశాడు. ఏ మ్యూజియానికో రాయలేదు. హైదరాబాద్‌లో ఇంట్లో పెట్టుకుంటే ఏమైనా ఇబ్బందా? ఆ కాగితం అసలుదేనని ఎలా తేల్చుకోవాలి? ఆ పది శాతం సంగతేంటి?

పిన్ను_నంబర్_3
ఏ మ్యూజియమో రాయలేదంటే ఏదీ కాదని. ఒక ప్రశ్న అయిపోయింది, మిగతా రెండూ కామయ్య గారు వచ్చి చెప్తారు.

కాగితాల_కామయ్య
వచ్చాను. ముందు ఆ జిరాక్సులో గడి గడీ చదవండి.

శాస్త్రీయ నామం జాతి పేరుతో సహా ఉండాలి. "రకరకాల సీతాకోకచిలుకలు" అని ఉంటే అది పర్మిట్ కాదు, ఇన్‌వాయిసు. సోర్స్ గడిలో అక్షరం చూడండి. డబ్ల్యూ అంటే అడవిలో పట్టింది, ఆర్ అంటే రాంచింగ్ (గుడ్లో పురుగులో బయటినుంచి తెచ్చి పెంచింది), సి అంటే పెంపకంలోనే పుట్టింది. పర్పస్ గడిలో టి అంటే వ్యాపారం, ఎస్ అంటే శాస్త్ర పరిశోధన. ఎస్ ఉన్న సరుకు మీకు అమ్ముతున్నాడంటే అక్కడే ఆగిపోండి.

ఎక్స్‌పోర్ట్ పర్మిట్ గడువు గరిష్ఠంగా ఆరు నెలలు, సరుకు ఆలోపే దిగాలి. ఇక ఎవరూ చూడని చోటు కాగితం అడుగున ఉంటుంది. పంపే దేశం పోర్టులో అధికారి నిజంగా ఎన్ని వెళ్ళాయో అంకె వేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టే గడి అది. అది ఖాళీగా ఉందంటే ఆ పర్మిట్ మీద సరుకు బయల్దేరిందనడానికి ఆధారం లేనట్టే. ఇటువైపు దిగినప్పుడు వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో క్లియరెన్సు, కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ ఉండాలి. ఆ రెండూ అడగండి. పర్మిట్ నిజంగా అసలుదే అయినా, ఇరవై పీసుల కాగితం చూపించి రెండొందలు అమ్మడం ఈ వ్యాపారంలో పాత విద్య.

సందేహాల_సుబ్బు
అడుగున గడి ఖాళీయే. ముద్ర లేదు. "అది ఆఫీసు కాపీ సార్" అంటున్నాడు.

పిన్ను_నంబర్_3
ఏ ఆఫీసుదో కూడా రాసి ఉండడు 😄

కాగితాల_కామయ్య
ఖాళీ గడి ఉంటే వదిలేయండి. చట్టం సంగతి: వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972కి 2022లో సవరణ జరిగింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. షెడ్యూళ్ళు ఆరు నుంచి నాలుగయ్యాయి. నాలుగోది పూర్తిగా సైటీస్ జాబితా జీవులదే. అంటే విదేశీ బర్డ్‌వింగ్ కూడా ఇప్పుడు మన చట్టం కిందికే వస్తుంది. మామూలు ఉల్లంఘనకి జరిమానా 25 వేల నుంచి లక్షకి పెరిగింది, మూడేళ్ళ దాకా జైలు. షెడ్యూల్ 1 జీవి అయితే మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా. "కొన్నాను, పట్టలేదు" అంటే కుదరదు.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో పద్ధతి వేరు. చచ్చిన కీటకమైనా సరే, బయటి దేశం నుంచి వస్తే ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళకి 3-177 ఫారం నింపాలి. వ్యాపారానికైతే లైసెన్సు, నిర్ణీత పోర్టులోనే దింపడం. అమ్మేవాడు కవరు మీద "పేపర్ క్రాఫ్ట్" అని రాసి పంపితే నష్టం కొన్నవాడికే, సరుకు జప్తు. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పెట్టి చుట్టాలకి పట్టుకెళ్దాం అనుకునేవాళ్ళకి: ఇక్కడ చట్టప్రకారం కొన్నా, బయటికి పంపాలంటే రీ-ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి.

కలరా_ఉండ
నాకు అసలు కొనడమే నచ్చదు. సైటీస్ జాబితాల్లో అనుబంధం 1, అనుబంధం 2 అంటూ లెక్కలు చెప్తారు, చివరికి అడవిలోంచే పోతుంది. 2006లో లాస్ ఏంజెలెస్‌లో పట్టుకున్న వ్యాపారి దగ్గర ఏం దొరికింది? క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్. జత 8,500 డాలర్లకి మారువేషంలో ఉన్న అధికారికే అమ్మాడు. 21 నెలల జైలు పడింది. మన దగ్గర 2008లో డార్జిలింగ్ వైపు సింగలీలా జాతీయ పార్కులో ఇద్దరు చెక్ దేశస్థుల్ని పురుగులు పట్టినందుకే అరెస్టు చేశారు.

ఈశ్వరితీగ
కలరా_ఉండ గారూ, అలెగ్జాండ్రానీ ప్రియామస్‌నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? అలెగ్జాండ్రా అనుబంధం 1, వ్యాపారం మొత్తానికే నిషేధం. మిగతా బర్డ్‌వింగ్‌లు అనుబంధం 2, కాగితాలుంటే అమ్మొచ్చు.

పాపువా న్యూగినీలో బులోలో ఊళ్ళో 1978 నుంచి కీటకాల పెంపకం, వ్యాపారం చూసే సంస్థ ఒకటుంది. రైతు తోట గట్టు మీద అరిస్టోలోకియా తీగ నాటుతాడు. మన ఈశ్వరి తీగ కుటుంబమే అది. పక్కన మందారాలు వేస్తాడు, తల్లి సీతాకోకచిలుకకి తేనె కోసం. అడవిలోంచి వచ్చిన ఆడది తీగ మీద గుడ్లు పెడుతుంది, పురుగు అక్కడే మేసి ప్యూపా కడుతుంది. ప్యూపాల్లో కొన్ని ఎగిరిపోవడానికి వదిలేసి, మిగతావి పంజరంలో పెడతాడు. బయటికొచ్చి రెక్కలు గట్టిపడగానే, ఎగరక ముందే చంపి కాగితంలో మడుస్తాడు. ఏ1 గ్రేడు అంటే ఇదే, రెక్క మీద పొలుసు రాలకపోవడం. అడవిలో వలతో పట్టినదానికి ఆ గ్రేడు రావడం కష్టం. తీగకి విత్తనమూ, తల్లి సీతాకోకచిలుకా వచ్చేది పక్క అడవిలోంచే కాబట్టి రైతుకి ఆ అడవి కావాలి.

అలెగ్జాండ్రాని దెబ్బతీసింది వ్యాపారం ఒక్కటే కాదు. 1951లో లామింగ్టన్ అగ్నిపర్వతం పేలి అది బతికే అడవి చాలా భాగం పోయింది. ఆ తర్వాత ఆయిల్ పామ్ తోటలు.

కలరా_ఉండ
రాంచ్ సర్టిఫికెట్ పెట్టి అడవిది అమ్మేవాళ్ళ మాటేమిటి? "ఆర్" అని అక్షరం వేయడానికి సిరా ఖర్చే కదా.

ఈశ్వరితీగ
అవుతోంది, కాదనను. అందుకే లేబుల్ అడగమనేది. ప్యూపా నుంచి వచ్చినదైతే ఊరు, జిల్లా, ప్యూపా నుంచి వెలువడిన తేదీ రాసి ఉంటాయి. ఉత్త "పి.ఎన్.జి." (పాపువా న్యూగినీ) అని ఉంటే నేనూ కొనను.

పిన్ను_నంబర్_3
లేబుల్ మాట వచ్చింది కాబట్టి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అనే మూడూ లేకపోతే అది గోడకి అలంకారం, అంతే. దాన్ని ఏ మ్యూజియమూ శాస్త్ర సేకరణలోకి తీసుకోదు. అందమైన ఫ్రేముల్లో నూటికి తొంభై వాటికి వెనక అట్ట మీద లాటిన్ పేరు తప్ప ఏమీ ఉండదు. ఆ పేరు కూడా ఒక్కోసారి తప్పే.

నకిలీలు ఎలా పట్టాలంటే: పొట్ట ఒకదాని నుంచి, రెక్కలు ఇంకోదాని నుంచి తెచ్చి అతికిస్తారు. మీసాలు అయితే మరీ ఎక్కువ, విరగడం సులువు కాబట్టి. పొట్ట ఛాతీకి కలిసే చోట పది రెట్ల భూతద్దం పెట్టి చూడండి, జిగురు మెరుస్తుంది. చాలా జిగుర్లు అతినీలలోహిత టార్చికి కూడా తేలిపోతాయి. ప్రియామస్ మగది నలుపు మీద ఆకుపచ్చ, ఆడది గోధుమ నలుపు రంగుల్లో దానికంటే పెద్దది. ఆడది చిన్నగా, మగది పెద్దగా ఉన్న "జత" ఉంటే నా వల్ల కాదు, మీరే కొనుక్కోండి.

రాత్రిలైటు
నకిలీలు ఇవాళ్టివా! 1702లో లండన్ సేకర్త విలియం చార్ల్‌టన్ ఒక సీతాకోకచిలుకని ప్రకృతి శాస్త్రవేత్త పెటివర్‌కి పంపాడు, రెక్క మీద నల్ల మచ్చలు, నీలి చంద్రవంకలు. లిన్నేయస్ అంతటివాడు దాన్ని కొత్త జాతిగా పేరు పెట్టి రాశాడు. 1793లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ చూసి చెప్పేదాకా తెలీలేదు, మామూలు బ్రిమ్‌స్టోన్‌ సీతాకోకచిలుక మీద రంగు వేశారని.

గుత్తి_జంక్షన్
మన వైపు వ్యాపారం చెప్పాలంటే గుత్తి సాలీడే. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది, పోకాక్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు, పీసిలోథీరియా మెటాలికా. నీలం రంగు. ఆ తర్వాత నూరేళ్ళ దాకా అడవిలో కనబడలేదు, 2001లో నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. ఇప్పుడు విదేశాల్లో పెంపుడు జంతువు. ఈ ప్రజాతి మొత్తం 2019లో సైటీస్ అనుబంధం 2లో చేరింది.

పిన్ను_నంబర్_3
గుత్తి అన్నా, ఎనిమిది కాళ్ళు. ఇది కీటకాల థ్రెడ్డు.

గుత్తి_జంక్షన్
ఊరి పేరు ఎక్కడైనా చెప్పుకుంటాం.

పాత_డ్రాయర్
సుబ్బు గారి మూడో ప్రశ్నకి ఎవరూ సరిగా జవాబు చెప్పలేదు. మ్యూజియంకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అనేదే అసలు గొడవ.

పాత రోజుల్లో అమ్మకమే పెట్టుబడి. ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ 1854 నుంచి 1862 దాకా మలయ్ దీవుల్లో తిరిగింది ఎవరి గ్రాంటుతోనో కాదు. లండన్‌లో శామ్యూల్ స్టీవెన్స్ అనే ఏజెంటు పురుగుల్నీ పక్షుల్నీ అమ్మిపెట్టేవాడు, బ్రిటిష్ మ్యూజియం కూడా కొనేది. మొత్తం 1,25,660 నమూనాలు, అందులో 83,200 పెంకు పురుగులే. అంతకుముందు 1852లో అమెజాన్ నుంచి వస్తుంటే ఓడ తగలబడి సరుకంతా పోతే, స్టీవెన్స్ ముందుచూపుతో చేయించిన బీమా డబ్బే అతన్ని నిలబెట్టింది.

తర్వాత కోటీశ్వరుల కాలం. వాల్టర్ రాత్‌స్చైల్డ్ ఇంగ్లండ్‌లో ట్రింగ్ అనే ఊళ్ళో సొంత మ్యూజియం పెట్టి 1892లో జనానికి తెరిచాడు. ఇరవై లక్షలకి పైగా సీతాకోకచిలుకలు, చిమ్మటలు. కానీ 1932లో డబ్బు ఇబ్బంది వచ్చి 2,80,000 పక్షి చర్మాల్ని న్యూయార్క్ మ్యూజియంకి 2,25,000 డాలర్లకి అమ్మేశాడు. ఒక్కోటి డాలరు కూడా పడలేదు. సీతాకోకచిలుకల్ని మాత్రం ఉంచుకున్నాడు, 1937లో పోయాక అవి బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి.

ఇప్పుడు చూడండి. కొనడానికి డబ్బు పుడుతుంది. రోజూ కాపలా కాయడానికే పుట్టదు. చికాగో ఫీల్డ్ మ్యూజియం 1997లో సూ అనే టిరెక్స్ అస్థిపంజరాన్ని వేలంలో 83.6 లక్షల డాలర్లకి కొంది, మెక్‌డొనాల్డ్స్, డిస్నీ సాయంతో. అదే మ్యూజియం 2013 నాటికి దాదాపు 17 కోట్ల డాలర్ల బాండ్ల అప్పుతో పరిశోధన బడ్జెట్ కోసుకుంది. డైనోసార్ పక్కన కంపెనీ పేరు పెట్టొచ్చు, ఫ్రీజర్ కరెంటు బిల్లు మీద ఎవరు పేరు పెట్టించుకుంటారు?

డల్లాస్_బాబాయ్
పాత_డ్రాయర్ గారు చెప్పినదానికి ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. ఫ్లోరిడాలో మెక్‌గ్వైర్ సెంటర్, 2000లో ఒక దాత 42 లక్షల డాలర్లిస్తే రాష్ట్రం అంతే కలిపింది, 2004లో తెరిచారు. 2017లో ఓబ్రియన్ దంపతులు అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి పది లక్షలకి పైగా కీటకాలిచ్చారు, విలువ కోటి డాలర్లు అన్నారు. ముక్కు పురుగులే ఎక్కువ. వాటితోపాటు చూసుకునే ప్రొఫెసర్ల పోస్టులకి నిధి కూడా పెట్టారు. ఇచ్చేవాళ్ళు ఇలా ఇవ్వాలి.

పాత_డ్రాయర్
అదే నేను చెప్పేది, ఆ నిధి లేకుండా వచ్చిన పది లక్షల పురుగులు మ్యూజియంకి భారమే. నిధి లేకపోతే ఏమవుతుందో బ్రెజిల్ చూపించింది. 2018 సెప్టెంబరు 2న రియోలో నేషనల్ మ్యూజియం తగలబడింది. రెండు కోట్ల వస్తువుల్లో ఎక్కువ భాగం పోయింది, కీటకాలే యాభై లక్షలదాకా. నిర్వహణకి ఇవ్వాల్సిన చిన్న మొత్తం కూడా ఏళ్ళుగా పూర్తిగా అందలేదు. అభివృద్ధి బ్యాంకు నుంచి 2.17 కోట్ల బ్రెజిల్ రియాళ్ళు జూన్‌లో మంజూరయ్యాయి, అవి చేతికి రాకముందే మ్యూజియం కాలిపోయింది. మంటలార్పేవాళ్ళు వస్తే దగ్గర హైడ్రెంట్లలో నీళ్ళు లేవు. మనకీ ఉంది, ఢిల్లీలో 1978లో తెరిచిన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం ఫిక్కీ భవనంలో ఉండేది, 2016 ఏప్రిల్ 26న బూడిదైంది.

కలరా_ఉండ
మరి డూప్లికేట్లు అమ్ముకోవచ్చుగా? ఒకే జాతివి మూడొందలు ఎందుకు ఒక్కో డ్రాయర్‌లో?

పాత_డ్రాయర్
డూప్లికేట్ అనేది ఉండదు. ఒకే ఊళ్ళో జూన్‌లో పట్టింది, డిసెంబరులో పట్టింది రెండూ రెండు సమాచారాలు. రంగు తేడా, సైజు తేడా, కాలు విరిచి డీఎన్ఏ తీయడానికి ఒకటి, ఇవన్నీ వరసగా ఉంటేనే తెలుస్తాయి. పైగా అంతర్జాతీయ మ్యూజియం మండలి నియమావళి ప్రకారం సేకరణ అమ్మగా వచ్చిన డబ్బు సేకరణకే వాడాలి, జీతాలకి కాదు. కాబట్టి అమ్మినా మీరనుకున్న బొక్క పూడదు.

కోనసీమ_కొమ్ము
బర్డ్‌వింగ్ ఎందుకండీ, మా వైపు రండి. కొబ్బరి కొమ్ము పురుగు, ఒరిక్టిస్ రైనోసెరస్. ఆకర్షక బుట్టల్లో పడ్డవాటిని రైతులు చంపి పారేస్తారు. పంటకి చీడ, అడిగితే ఊరికే ఇస్తారు. పిన్ను గుచ్చడం నేర్చుకోడానికి ఇంతకంటే మంచిది లేదు, పెద్దది, గట్టిది, విరగదు. పిన్ను మధ్యలో కాదు, కుడి పెంకు మీద, పై అంచుకి దగ్గరగా. 38 మిల్లీమీటర్ల స్టీలు పిన్ను, నాలుగో నంబరు. పురుగు పైన పిన్ను సెంటీమీటరు మిగలాలి, పట్టుకోడానికి.

ఓరుగల్లు_పట్టు
మా దిక్కు మహదేవ్‌పూర్, చెన్నూర్ వైపు దసలి పట్టు ఉంది గదా. గుడ్లు పెట్టినంక పట్టు చిలుకలు (చిమ్మటలు) ఎట్లైనా సస్తయ్, అడిగితే ఇస్తరు. కొన్న తేదీ గాదు, దొరికిన ఊరు, తేదీ రాసుకోవాలె. ఒకటే సమస్య, పొట్ట నిండ కొవ్వు. ఎండినంక నెల, రెండు నెలలకు రెక్కలకు నూనె పాకుతది, నల్లగైతది. అప్పుడు ఎండిన చిలుకను పిన్నుతోనే అసిటోన్ సీసాల ఒక రోజు ముంచి తీసి ఆరబెట్టాలె. రంగు బోదు, భయపడకుర్రి. కిటికీలు తెర్సి చేయుర్రి, పొయ్యి దగ్గర అస్సలు చేయొద్దు.

సందేహాల_సుబ్బు
సరే, ఫ్రేము వద్దనుకున్నా. కాగితంలో మడిచి వచ్చే ఎండువి కొని నేనే రెక్కలు విప్పితే? అసలు అవి రాయిలా ఉంటాయి కదా, ఎలా విప్పుతారు?

పిన్ను_నంబర్_3
మెత్తబడే పెట్టె చేసుకోండి. గాలి చొరబడని స్టీలు డబ్బా, అడుగున తడి ఇసుక రెండు వేళ్ళ మందం, దాని మీద ప్లాస్టిక్ జల్లెడ, జల్లెడ మీద పురుగు. నీళ్ళు రెక్కకి తగలకూడదు, మోర్ఫోలాంటి నీలం రెక్కల మీద నీటి మరక పడొచ్చు. బూజు రాకుండా నాలుగు వాము పువ్వు పలుకులు వేయండి, ఆయుర్వేద కొట్టులో దొరుకుతుంది. మామూలు సీతాకోకచిలుకకి ఒకటి రెండు రోజులు, బర్డ్‌వింగ్‌కి మూడు నాలుగు. ఇంకా బిగుసుకుని ఉంటే ఇన్సులిన్ సిరంజితో ఛాతీలోకి వేడినీళ్ళు చుక్కలు చుక్కలుగా.

రెక్కని వేలితో ముట్టుకోవద్దు, ముందంచు దగ్గర మందమైన ఈనె వెనక చదునైన ఫోర్సెప్సుతో పట్టాలి. ముందు రెక్క వెనకంచు శరీరానికి సరిగ్గా లంబంగా రావాలి. దాని మీద ట్రేసింగ్ కాగితం పట్టీ, పట్టీ చుట్టూ పిన్నులు, రెక్కలోంచి కాదు. పది పన్నెండు రోజులు ఎండనివ్వండి, విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఇంకో వారం. తొందరపడి తీస్తే రెక్కలు మెల్లగా కిందికి వాలిపోతాయి.

రాత్రిలైటు
థర్మకోల్ బోర్డు మీద చేయొచ్చు కదా?

పిన్ను_నంబర్_3
రెక్కలు విప్పడానికి ఓకే. నిల్వ పెట్టెలో మాత్రం వద్దు, కలరా ఉండల ఆవిరికి థర్మకోల్ కరిగి ముద్దవుతుంది, పిన్నులు దాంట్లో ఇరుక్కుపోతాయి. పాలిథిన్ ఫోము వాడండి.

కలరా_ఉండ
నా పేరు వచ్చింది కాబట్టి చెప్తా, కలరా ఉండ పురుగుని చంపదు, రానివ్వకుండా చేస్తుందంతే. ఆంత్రినస్ (ఎండు నమూనాల్ని తినే చిన్న పెంకు పురుగు) పిల్లపురుగు అప్పటికే లోపల ఉంటే హాయిగా తింటూనే ఉంటుంది. పిన్ను కింద సన్నటి గోధుమరంగు పొడి కనిపిస్తే అదే. పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి తీసి, మూతి కట్టి, -20 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు. బయటికి తీశాక ఒక రోజు కవరు విప్పకూడదు, వెంటనే విప్పితే గాలిలో తడి రెక్కల మీద చేరుతుంది. కొన్న ఏ పురుగైనా పెట్టెలోకి పోయేముందు ఇది చేయాల్సిందే. ఒక్క ఫ్రేము చాలు, ఇంట్లో ఉన్న సేకరణ మొత్తం పొడి కావడానికి.

డల్లాస్_బాబాయ్
కొనొద్దనే ఆయనే కాపాడ్డం బాగా చెప్తున్నాడు.

కలరా_ఉండ
కొన్నాక పాడు చేసుకుంటే ఇంకోటి కొంటారు కదా, అందుకే.

సందేహాల_సుబ్బు
ఆ 18,500 మ్యూజియానికి నేరుగా ఇద్దామంటే ఎక్కడ ఇవ్వాలి? జడ్.ఎస్.ఐ.కి చెక్కు పంపనా?

పాత_డ్రాయర్
జువలాజికల్ సర్వే కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1916 నుంచి ఉంది, హైదరాబాద్‌లో మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రమూ ఉంది. దాని ఖర్చు బడ్జెట్‌లోంచి వస్తుంది, మీ చెక్కు వాళ్ళకి తలనొప్పి. దాని బదులు దగ్గర్లో డిగ్రీ కాలేజీ జువాలజీ మ్యూజియం చూడండి. పరికరాలకి గ్రాంటు ఒక్కసారి వస్తుంది, ఏటేటా కావాల్సిన చిన్న ఖర్చుకి పద్దే ఉండదు. అడిగి వస్తువుగా ఇవ్వండి: ఒక డీప్ ఫ్రీజర్, మూత బిగుతుగా పడే పెట్టెలు, స్టీలు పిన్నుల ప్యాకెట్లు, ఫోము షీట్లు, సిలికా జెల్. ఇచ్చేముందు హెచ్‌ఓడీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, ఫ్రీజర్ ఎవరి గదిలో ఉంటుంది, తాళం ఎవరి దగ్గర అని. లేదంటే అది స్టాఫ్ రూములో ఐస్‌క్రీమ్ పెట్టెగా మారుతుంది.

ఓరుగల్లు_పట్టు
😂 ఐస్‌క్రీమ్ అయితే మంచిదే, చేపలు పెడ్తరు.

రాత్రిలైటు
మా కాలేజీలో పాత పెట్టెలు నాలుగున్నాయి, ఒక్కదానికీ లేబుల్ లేదు. పారేయమంటారా?

పాత_డ్రాయర్
ముందు రెండు వారాలు ఫ్రీజర్లో పెట్టండి. తర్వాత మూత లోపలివైపు, పెట్టె అడుగున కాగితం, పాత అటెండెన్స్ రిజిస్టర్లు, రిటైరైన ల్యాబ్ అటెండరు, అన్నీ వెతకండి. పెట్టె అడుగున పెన్సిల్‌తో ఊరూ సంవత్సరమూ రాసి ఉండడం మామూలే. దొరికితే లేజర్ ప్రింటులో కొత్త లేబుల్ వేసి, పాత కాగితాన్ని కూడా అదే పిన్నుకి గుచ్చండి. ఇంక్‌జెట్ వద్దు, తేమకి కారుతుంది. ఏమీ దొరక్కపోతే ఫస్టియర్ పిల్లలకి ముక్కలు చేసి మైక్రోస్కోపు కింద చూడ్డానికి పెట్టండి, షెడ్యూల్ జీవులేమీ లేవని ఒకసారి సరిచూసుకున్నాక.